రాత్రి చల్లబడితేనే గడ్డ ఊరేది: నెల్లూరు, ప్రకాశం ఇళ్లలో బంగాళాదుంప

ఫిబ్రవరి వచ్చిందంటే మన వైపు మిద్దెతోటల వాళ్ల దగ్గర తరచుగా వినే మాట ఒకటుంది. "అక్కా, చెట్టు చూస్తే మోకాలు దాటి పెరిగింది. ఆకు నిగనిగలాడుతోంది. తీరా సంచి బోర్లిస్తే గోలీకాయలంత గడ్డలు నాలుగు. ఎరువు చాల్లేదంటావా?" నెల్లూరులో అడిగినా, కావలిలో అడిగినా, ఒంగోలులో అడిగినా ఇదే ప్రశ్న. మరుసటి ఏడాది ఇంకో రెండు గుప్పెళ్ల ఎరువు ఎక్కువ వేస్తారు. చెట్టు ఇంకా ఏపుగా పెరుగుతుంది, గడ్డలు ఇంకా తగ్గిపోతాయి. ఆ తర్వాత "ఉర్లగడ్డ మన నేలకు రాదులే" అని వదిలేస్తారు.

వస్తుంది. మనకు అడ్డుపడుతున్నది నేల కాదు, రాత్రి వేడి. బంగాళాదుంప మొక్క పగటి వేడిని చాలావరకు ఓర్చుకుంటుంది, రాత్రి వెచ్చగా ఉంటే మాత్రం గడ్డ పెట్టదు. ఏ రకం వేయాలి, ఏ వారంలో వేయాలి, సంచి ఎక్కడ పెట్టాలి, నీళ్లు ఏ పూట పోయాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఇది పట్టించుకోకుండా పంజాబ్ రైతు చేసేదంతా చేసినా మనకు మిగిలేది ఆకే.

గడ్డ ఎలా పుడుతుంది

మనం తినే బంగాళాదుంప నేలలో పెరిగే కాండం. దాని మీద కనిపించే కళ్లు మామూలు కొమ్మ మీద ఉండే మొగ్గలే. చిలగడదుంప అలా కాదు, అది నిజంగానే లావెక్కిన వేరు. అందుకే అది మన ఇసుక నేలల్లో, మన వేడిలో పెద్దగా పేచీ పెట్టకుండా ఊరుతుంది. ఈ రెండింటినీ ఒకే జాతి అనుకుని ఒకే రకంగా పెంచబోయే వాళ్లు చాలామంది ఉన్నారు.

బంగాళాదుంప విత్తన దుంప మొలిచాక, మట్టిలో ఉన్న కాండం కణుపుల నుంచి తెల్లటి పిల్ల తీగలు పక్కకు సాగుతాయి. వీటిని స్టోలన్లు అంటారు. తీగ కొస పొడవు సాగడం ఆపి లావెక్కడం మొదలుపెడితే అదే గడ్డ. ఎప్పుడు సాగడం ఆపాలో ఆ కొస సొంతంగా తేల్చుకోదు. పైన ఆకుల నుంచి కబురు రావాలి.

ఆ కబురు మోసుకొచ్చేది ఏమిటో 2011లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఎస్పీ6ఏ అనే ప్రోటీన్ ఆకుల్లో తయారై, కాండం గుండా కిందికి దిగి స్టోలన్ కొసకు చేరితే గడ్డ మొదలవుతుంది. మిగతా మొక్కల్లో పూత తెప్పించే ప్రోటీన్‌కు ఇది దగ్గర చుట్టం. ఆ పరిశోధనలోనే వరిని ఈనించే సంకేతాన్ని తెచ్చి బంగాళాదుంప మొక్కలో పెట్టి చూశారు. మామూలుగా గడ్డ పెట్టని పగటి నిడివిలో కూడా ఆ మొక్క గడ్డలు పెట్టింది. వరి పండించే ఊళ్ల వాళ్లకు ఇది వింతగా అనిపించదు. పాత దేశవాళీ రకాలు కొన్ని కాలం తప్పి నాటితే దుబ్బు కట్టి ఆకు పెంచుకుంటూనే ఉంటాయి, ఈనవు. బంగాళాదుంపలోనూ అంతే. కాలం కుదరకపోతే కబురు పుట్టదు, కబురు లేకపోతే మొక్క ఆకు పెంచుకుంటూ పోతుంది.

ఆ కబురు గట్టిగా పుట్టడానికి రెండు కావాలి. ఒకటి పొడవైన రాత్రి, రెండోది చల్లని రాత్రి. బంగాళాదుంప పుట్టిన ఊరు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి అక్కడ పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉంటాయి. ఎత్తు ఎక్కువ కాబట్టి పొద్దు కుంకగానే చలి కమ్ముతుంది. మొదటి విషయంలో మనకు లోటు లేదు. డిసెంబర్‌లో మన పగలు 11 గంటల పైచిలుకే, రాత్రి దాదాపు 13 గంటలు. చిక్కంతా రెండోదాని దగ్గరే. రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంటే గడ్డ హాయిగా ఊరుతుంది. 20 దాటితే మామూలు రకాలు తడబడతాయి. ఇంకా పైకి పోయేకొద్దీ ఎస్పీ6ఏ తగ్గుతుంది, కొమ్మలను సాగదీసే జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. స్టోలన్ గడ్డ కావాల్సింది పోయి మట్టిలోంచి పైకి లేచి ఇంకో కొమ్మ అవుతుంది.

దీనికి తోడు మరొక నష్టం ఉంది. మొక్క పగలు ఎండలో చక్కెర సంపాదిస్తుంది, రాత్రి ఊపిరి పీల్చుకోవడానికి అందులో కొంత ఖర్చు పెడుతుంది. మిగిలిందే గడ్డలోకి పిండిగా చేరుతుంది. రాత్రి ఎంత వెచ్చగా ఉంటే ఆ ఖర్చు అంత ఎక్కువ. నెల జీతం మంచిదే అయినా పదో తారీఖుకే చేయి ఖాళీ అయ్యే ఇల్లు ఎలా ఉంటుందో, వెచ్చని రాత్రుల్లో బంగాళాదుంప మొక్క అలా ఉంటుంది.

ఇప్పుడు మన జిల్లాలను చూద్దాం. చిత్తూరు జిల్లా పలమనేరు, వి.కోట వైపు రైతులు బంగాళాదుంప వేస్తారు. మ్యాప్‌లో చూస్తే పలమనేరు నెల్లూరు కంటే దక్షిణాన ఉంది. కానీ అది సముద్ర మట్టానికి ఆరేడు వందల మీటర్ల ఎత్తున ఉంది, నెల్లూరు 20 మీటర్ల ఎత్తులో కూడా లేదు. పైగా మనకు పక్కనే సముద్రం. తేమ గాలి రాత్రిపూట నేల వేడిని పైకి పోనివ్వదు. నెల్లూరులో ఏడాది మొత్తంలో చల్లనిదైన జనవరిలో కూడా రాత్రి సగటు కనిష్ఠం 20 డిగ్రీల చుట్టూనే ఉంటుంది. ప్రకాశం పడమటి వైపు, మార్కాపురం, గిద్దలూరు, కంభం దగ్గర గాలి పొడిగా ఉంటుంది, ఆకాశం తేటగా ఉంటుంది, రాత్రి ఇంకాస్త దిగుతుంది. గిద్దలూరులో ఉన్న మీ పిన్నిగారికి గడ్డలు బాగా వచ్చి, కోవూరులో మీకు రాకపోతే ఆవిడ చేతి మంచిదనం కొంత, ఊరి వాతావరణం చాలా.

ఇరుకైన కిటికీ

"సంక్రాంతికి చంకలెత్తనివ్వని చలి, శివరాత్రికి శివశివా అంటూ పోతుంది" అంటారు పెద్దవాళ్లు. బంగాళాదుంప సాగుకు మన పంచాంగం మొత్తం ఆ ఒక్క సామెతలో ఉంది. గడ్డ ఊరే రోజులన్నీ సంక్రాంతికి అటూ ఇటూ పడాలి, శివరాత్రి నాటికి గడ్డ బయటికి వచ్చేయాలి.

మరి చలికి ముందే వేసి సిద్ధంగా ఉంచుకోవచ్చు కదా అంటే, అక్కడ ఈశాన్య రుతుపవనాలు అడ్డం. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపే పడుతుంది. 2021 నవంబర్‌లో పెన్నా వరద ఎలా వచ్చిందో మరిచిపోయిన వాళ్లు లేరు. 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటే ముందు నెల్లూరు, ప్రకాశం తీరం పొడవునా కుమ్మేసింది. అప్పుడే నాటిన విత్తన దుంప తడి మట్టిలో, ఆ వెచ్చదనంలో రెండు రోజులుంటే కుళ్లిపోతుంది.

అందుకని నేలలో వేసే వాళ్లకు తీర ప్రాంతంలో నవంబర్ ఆఖరి వారం నుంచి డిసెంబర్ మొదటి వారం దాకా సరైన సమయం. మొలకెత్తించిన దుంప అయితే పది పదిహేను రోజుల్లో పైకి వస్తుంది. ఆ తర్వాత రెండు మూడు వారాలకు స్టోలన్ కొసలు ఊరడం మొదలవుతుంది. అంటే క్రిస్మస్ దాటిన దగ్గర్నుంచి జనవరి నెలంతా గడ్డకు చేతికందే చల్లని రాత్రులు. ఫిబ్రవరి రెండు మూడు వారాల్లో తవ్వేయాలి. ప్రకాశం పడమటి మండలాల్లో వాన ఒత్తిడి తక్కువ కాబట్టి నవంబర్ మొదట్లోనే వేసుకోవచ్చు. వాళ్లకు ఇంకో రెండు మూడు వారాలు కలిసొస్తాయి. సంచుల్లో పెంచే వాళ్లకు ఉన్న పెద్ద సుఖం ఏమిటంటే, ముసురు పట్టినప్పుడు సంచిని వరండాలోకి లాగేయవచ్చు. వాళ్లు నవంబర్ నడిమిలో ధైర్యంగా వేయొచ్చు.

జనవరిలో, సంక్రాంతికి మొదలుపెడదాం అనుకునే వాళ్లకు నా సలహా ఒక్కటే: ఆ ఏడాదికి వద్దు. గడ్డ ఊరాల్సిన సమయానికి మార్చి వచ్చేస్తుంది, రాత్రులు 23 డిగ్రీలకు పోతాయి. ఆ సంచిలో బెండ వేసుకోండి.

రకం: కుఫ్రీ సూర్య

కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ 1949లో పాట్నాలో మొదలై, 1956లో సిమ్లాకు మారింది. అక్కడికి దగ్గర్లోని కుఫ్రీ అనే కొండ ఊరి పేరే ఆ సంస్థ విడుదల చేసే రకాలన్నిటికీ ఇంటిపేరైంది. కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ చంద్రముఖి 1968లో వచ్చాయి. కుఫ్రీ పుఖ్రాజ్ 1998లో వచ్చింది. ఈ రకాలు చల్లని శీతాకాలం ఉన్న చోట బాగా పండుతాయి. వేడిని తట్టుకునే రకంగా 2006లో విడుదలైంది కుఫ్రీ సూర్య.

మామూలు రకాలు చేతులెత్తేసే 20 డిగ్రీల రాత్రుల్లో కూడా కుఫ్రీ సూర్య గడ్డ పెట్టగలదు. దాని గొప్పతనం అదే, మన రాత్రులు కూడా సరిగ్గా ఆ అంచునే ఉంటాయి. ముందస్తుగా వేస్తే 75 నుంచి 90 రోజుల్లో తవ్వుకోవచ్చు. గడ్డ కొంచెం పొడవుగా, తెల్లటి తోలుతో, లోపల లేత పసుపుగా ఉంటుంది. కళ్లు లోతుగా ఉండవు కాబట్టి చెక్కు తీయడం తేలిక. వెచ్చగా ఉన్నప్పుడు పచ్చదోమ రసం పీల్చడం వల్ల ఆకు అంచులు మాడిపోయే బెడదను కూడా ఇది బాగా తట్టుకుంటుంది. వేడిని తట్టుకునే మరో రకం కుఫ్రీ లీమా, దొరికితే అది కూడా మంచిదే.

అయితే సూర్య అన్న పేరు చూసి ఎండాకాలంలో కూడా వస్తుందనుకోవద్దు. తట్టుకోవడం అంటే రెండు మూడు డిగ్రీలు అదనంగా ఓర్చుకోవడం. మే నెల నెల్లూరును ఏ బంగాళాదుంప రకమూ తట్టుకోదు. పుఖ్రాజ్ త్వరగా ఊరే రకం కాబట్టి, సూర్య దొరకనప్పుడు పడమటి ప్రకాశంలో దాన్ని వేసి చూడొచ్చు. తీరంలో మాత్రం నేను సూర్య కోసం వెతకమనే చెబుతాను.

వెతకడమే కష్టం, ఒప్పుకోవాలి. విత్తన దుంప సాధారణంగా 50 కిలోల బస్తాల్లో వస్తుంది, ఇంటికి కావాల్సింది కిలో రెండు కిలోలు. తోటల వాళ్లంతా కలిసి అక్టోబర్‌లో ఒక బస్తా తెప్పించుకుని పంచుకోవడం అన్నిటికంటే మేలు. ఆన్‌లైన్‌లో కొంటే రకం పేరు రాసి ఉన్నదే కొనండి. ‘హైబ్రిడ్ పొటాటో సీడ్స్’ అని ప్యాకెట్‌లో చిన్న గింజలు అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. ఇంటి తోటకు కావాల్సింది దుంపే, గింజల జోలికి పోవద్దు.

కూరగాయల అంగడిలో కొన్న దుంప మొలిస్తే నాటకూడదా? నాటొచ్చు, మొక్క వస్తుంది. కానీ అది ఏ రకమో తెలియదు, ఏ వైరస్ మోసుకొచ్చిందో తెలియదు. చిప్స్ కంపెనీల కోసం నిల్వ చేసిన సరుకుకు మొలక రాకుండా మందు కొడతారు, అలాంటిది చేతిలో పడితే నెల రోజులైనా కన్ను తెరవదు. మొదటిసారి సరదాగా వేసే పిల్లలకు అంగడి దుంప చాలు. గడ్డ కావాలనుకుంటే విత్తన దుంప కావాలి.

నాటే ముందు పదిహేను రోజులు

కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన దుంపను వెంటనే మట్టిలో పెట్టొద్దు. నేరుగా ఎండ తగలని, వెలుతురు బాగా ఉన్న చోట, గుడ్ల అట్టల్లోనో పళ్లెంలోనో ఒక వరుసగా పరిచి పదిహేను రోజులు ఉంచండి. వెలుతురులో వచ్చే మొలకలు పొట్టిగా, లావుగా, రంగు పట్టి ఉంటాయి. చీకట్లో వచ్చేవి తెల్లగా పొడుగ్గా సాగి, చేయి తగిలితే విరిగిపోతాయి. విత్తన దుంప వెలుతురుకు పచ్చబడినా పరవాలేదు, తినేది కాదు కదా. ఇలా మొలకెత్తించి వేస్తే మట్టిలో ఒక వారం పైగా ఆదా అవుతుంది. మనకున్నదే పది పన్నెండు వారాల కిటికీ కాబట్టి ఆ వారం విలువైనది.

ఉత్తరాదిలో పెద్ద దుంపలను కన్నుల లెక్కన కోసి నాటతారు. నవంబర్‌లో మన మట్టి ఇంకా వెచ్చగా, తడిగా ఉంటుంది. కోసిన ముక్క ఆ తడిలో ఇట్టే కుళ్లుతుంది. 40, 50 గ్రాముల చిన్న దుంపను కోయకుండా నిండుగా నాటడం మన దగ్గర మంచి పద్ధతి. తప్పక కోయాల్సి వస్తే ముక్కకు రెండు కళ్లైనా ఉండేలా కోసి, నీడలో రెండు మూడు రోజులు ఉంచి, కోసిన చోట పొర కట్టాక నాటండి.

సంచి, నేల, మట్టి

పెరట్లో జానెడు నేల ఉన్నా సరే మిద్దె కంటే అదే మేలు. స్లాబ్ పగలంతా పీల్చుకున్న వేడిని రాత్రంతా వదులుతూనే ఉంటుంది. గాలి 20 డిగ్రీలకు దిగినా, స్లాబ్ మీద ఆనుకుని ఉన్న నల్ల సంచిలో మట్టి అంత త్వరగా దిగదు. కాబట్టి మిద్దె మీద వేసే వాళ్లు సంచిని ఇటుకల మీదో స్టాండ్ మీదో పెట్టి కింద గాలి ఆడేలా చూడాలి. నల్ల సంచి, నల్ల టబ్బు వద్దు, తెల్లదో లేత రంగుదో తీసుకోండి. పాత బియ్యం సంచి అన్నిటికంటే చవక, రంగు కూడా తెల్లదే. అడుగున చిల్లులు పెట్టుకుంటే సరి. తూర్పు ఎండ బాగా పడి, మధ్యాహ్నం మూడు తర్వాత గోడ నీడ వచ్చే చోటు దొరికితే అక్కడే పెట్టండి.

వంటింట్లో వాడే లాంటి చిన్న థర్మామీటర్‌ను రాత్రి పడుకోబోయే ముందు బెత్తెడు లోతు మట్టిలో గుచ్చి చూడండి. మీ తోటలో ఏ సంచి చల్లగా ఉందో, ఏది ఉడుకుతోందో ఆ ఒక్క అంకె చెప్పేస్తుంది. ఒకే మిద్దె మీద రెండు మూలల మధ్య తేడా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

మట్టి వదులుగా ఉండాలి. తీరంలోని ఇసుక నేల గడ్డ ఊరడానికి నిజానికి బాగుంటుంది, కాకపోతే నీళ్లు నిలవవు, బలం నిలవదు. మాగిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్ట్ గానీ బాగా కలుపుకోవాలి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో బోదెలు ఎత్తుగా చేసి వేయాలి, లేదంటే ఆ జిగట మట్టిలో గడ్డ వంకర్లు తిరుగుతుంది, వాన వస్తే ఊపిరాడదు. సంచుల్లో అయితే ఎర్రమట్టి, కంపోస్టు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో సరిపోతాయి. కొబ్బరి పొట్టును రెండు మూడుసార్లు మంచినీళ్లలో కడిగి పిండండి, అందులో ఉప్పు ఉంటుంది. బంగాళాదుంపకు ఉప్పు పడదు. తీరంలో చాలా బోర్ల నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఆకు అంచులు కాలినట్టు అవుతుంటే ముందు నీళ్లను అనుమానించండి.

ఎరువు దగ్గరికి వచ్చాం. మొదట్లో చెప్పిన ప్రశ్నకు సూటి జవాబు ఇది: నత్రజని ఎక్కువైతే గడ్డ మొదలవడం ఆలస్యమవుతుంది. చల్లని ఊళ్లో ఆ ఆలస్యం పెద్ద నష్టం కాదు, మనకు మాత్రం అక్కడితో సీజన్ అయిపోతుంది. వెచ్చని రాత్రులు మొక్కను ఎలాగూ ఆకు వైపు తోస్తుంటాయి, యూరియా గానీ చిక్కటి జీవామృతం గానీ వారం వారం పోస్తే ఆ తోపు రెట్టింపవుతుంది. నాటేటప్పుడు మట్టిలో కలిపిన కంపోస్టు, మొలిచిన మూడు వారాలకు ఇంకో గుప్పెడు, అంతే చాలు. పొటాష్ కోసమని కట్టెల బూడిద ఎక్కువ చల్లేవాళ్లున్నారు. మన నల్లరేగడి ముందే క్షార గుణం ఉన్నది, బూడిదతో అది ఇంకా పెరిగి గడ్డ మీద గజ్జి తెగులు వస్తుంది. చిటికెడుతో ఆపండి. పచ్చి పేడ అస్సలు వద్దు, గజ్జికి తోడు వేరు పురుగు కూడా దిగుతుంది.

మట్టి ఎగదోయడం, కప్పడం, తడపడం

మొక్క జానెడు ఎత్తుకు వచ్చాక మొదట్లోకి మట్టి ఎగదోయాలి, రెండు వారాలకు ఇంకోసారి. ఊరే గడ్డకు వెలుతురు తగిలితే పచ్చబడి సొలనైన్ అనే విషం చేరుతుంది, చేదెక్కుతుంది. మట్టి ఎగదోసేది అందుకు, గడ్డను చల్లగా ఉంచేందుకు కూడా. సంచిని అంతస్తులు అంతస్తులుగా నింపుకుంటూ పోతే ప్రతి అంతస్తులోనూ గడ్డలు వస్తాయని వీడియోల్లో చూపిస్తుంటారు. అలా రావు. గడ్డ పెట్టే స్టోలన్లు ఎక్కువగా విత్తన దుంపకు దగ్గర్లోని కణుపుల నుంచే వస్తాయి, పైన నాలుగడుగుల మట్టి పోసినా కాండం పొడవునా గడ్డలు వేలాడవు. సంచిలో అడుగున్నర మట్టి ఉంటే చాలు.

మట్టి మీద వరిగడ్డి నాలుగు వేళ్ల మందాన పరచండి. మన జిల్లాల్లో గడ్డికి కొదవ లేదు. శనక్కాయ పొట్టు దొరికినా మంచిదే. ఇది పగటి ఎండను మట్టికి తగలనివ్వదు, తడి ఆరనివ్వదు. ఇంటి తోటలో చేసే పనుల్లో ఖర్చుకు మించిన ఫలితం ఇచ్చేది ఇదేనని నా నమ్మకం. జనవరి ఆఖరుకు ఎండ ముదిరితే పైన పల్చటి షేడ్‌నెట్ కట్టండి. అంతకుముందు వద్దు, డిసెంబర్ ఎండ మొక్కకు అవసరం.

నీళ్లు ఎక్కువా తక్కువా కాకుండా ఒకే తీరున అందాలి. నాలుగు రోజులు ఎండగట్టి ఒకేసారి ముంచితే గడ్డ పగులుతుంది, బుడిపెలు తేలుతుంది, లోపల బోలు పడుతుంది. గడ్డ ఊరే జనవరి నెలలో సంచి మొక్కకు రోజూ తడి చూడాలి. నేను సాయంత్రం నాలుగైదు గంటల మధ్య పోయడమే మంచిదంటాను, మట్టి చల్లబడి రాత్రిలోకి వెళ్తుంది. కాకపోతే మొదట్లో పోయాలి, ఆకు తడిసి తెల్లారే దాకా తడిగా ఉంటే మచ్చ తెగుళ్లు వస్తాయి.

పూలు వచ్చాకే గడ్డలు వస్తాయని ఎదురుచూడకండి. మన వేడికి మొగ్గలు రాలిపోవడం మామూలే, పూత లేకుండానే గడ్డ ఊరుతుంది. పూసి చిన్న పచ్చి కాయలు కాస్తే పిల్లలు టమాటాలనుకుని నోట్లో పెట్టుకోకుండా చూడండి. ఆ కాయలూ ఆకులూ విషమే, పశువులకు కూడా వేయకూడదు.

చుట్టాల బెడద

బంగాళాదుంప, టమాటా, వంకాయ, మిరప ఒకే కుటుంబం. పొగాకు కూడా ఆ కుటుంబమే. ప్రకాశం జిల్లాలో ఇది మామూలు విషయం కాదు. టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి వైపు మనం బంగాళాదుంప వేసే నెలల్లోనే పొలాల నిండా పొగాకు ఉంటుంది. పొగాకు మీద వాలే పేనుబంక జాతే బంగాళాదుంప మీదా వాలుతుంది, ‘వై’ అనే వైరస్‌ను ఒకదాని నుంచి ఇంకోదానికి అంటిస్తుంది. దుంపను తొలిచే చిమ్మట పురుగు పొగాకు ఆకునూ తొలుస్తుంది. పొగాకు చేను పక్కన ఇల్లున్న వాళ్లు మొదటి వారం నుంచే ఆకు వెనక తిప్పి చూడటం అలవాటు చేసుకోవాలి. పసుపు జిగురు అట్టలు రెండు కట్టి, లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె కొంచెం సబ్బు నీళ్లతో కలిపి వారానికోసారి సాయంత్రం పిచికారీ చేస్తే పేనుబంక, తెల్లదోమ చాలావరకు అదుపులో ఉంటాయి. ఆకులు ముడుచుకుని గిడసబారిన మొక్కను మాత్రం జాలిపడకుండా పీకేయండి. వైరస్‌కు మందు లేదు.

ఉన్నట్టుండి పచ్చగా ఉన్న మొక్కే మధ్యాహ్నం వాలిపోయి, మళ్లీ లేవకపోతే అది బాక్టీరియా ఎండు తెగులు. మట్టిలో ఉంటుంది, టమాటా, వంగ వేసిన మట్టిలో తరచుగా ఉంటుంది. మొక్కతో పాటు ఆ సంచి మట్టిని కూడా తోటకు దూరంగా పారేయాలి. ఐర్లండ్‌ను 1845 నుంచి కరువులో ముంచిన లేట్ బ్లైట్ అనే తెగులు గురించి విని భయపడే వాళ్లుంటారు. దానికి చల్లదనం, తడి రెండూ కావాలి, మన తీరంలో దాని కంటే ఆకుమాడు తెగులే ఎక్కువ కనిపిస్తుంది. కింది ఆకుల మీద వలయాలుగా గోధుమ రంగు మచ్చలు వస్తే ఆ ఆకులను తుంచేయడం, మొక్కల మధ్య గాలి ఆడనివ్వడం సరిపోతుంది.

ఎంత వస్తే వచ్చినట్టు

మన దేశంలో బంగాళాదుంప రైతుకు ఎకరాకు సగటున 10 టన్నుల దాకా వస్తుంది. వరుసల మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు చొప్పున ఎకరాలో 33 వేల పైచిలుకు మొక్కలు పడతాయి. అంటే చలి పుష్కలంగా ఉన్న పొలంలో కూడా మొక్కకు సగటున 300 గ్రాములే. నెల్లూరు మిద్దె మీద మొక్కకు పావు కిలో వచ్చిందంటే మీరు బాగా పండించినట్టే. ఒక మొక్కకు మూడు కిలోలు చూపించే వీడియోతో పోల్చుకుని బాధపడొద్దు. కిలో విత్తనం అంటే పాతిక చిన్న దుంపలు, ఆరు కిలోలు తిరిగొస్తే ఇంటిల్లిపాదీ సంతోషంగా వండుకోవచ్చు.

75 రోజులు దాటి కింది ఆకులు పసుపెక్కాక నీళ్లు ఆపి, వారం పది రోజులకు తవ్వండి. ఆ వ్యవధిలో తోలు గట్టిపడుతుంది. బొటనవేలితో రుద్దితే తోలు ఊడకపోతే తయారైనట్టు. మొక్క ఇంకా పచ్చగా ఉంది కదా, మార్చి దాకా ఉంచితే ఇంకా ఊరుతుందేమో అన్న ఆశ వద్దు. ఫిబ్రవరి ఆఖరు తర్వాత ఊరేది తక్కువ, వేడి మట్టిలో కుళ్లేది, మళ్లీ మొలిచేది ఎక్కువ. తవ్విన గడ్డలను కడగకుండా నీడలో రెండు రోజులు ఆరబెట్టి, గాలి ఆడే వెదురు బుట్టలో, చీకటిగా ఉన్న మూలన పెట్టుకుని నెలలోపు వాడేయండి. పచ్చబడిన వాటిని పారేయండి.

వచ్చే ఏడాదికి విత్తనం దాచుకుందామనిపిస్తుంది. మన దగ్గర అది కుదిరే పని కాదు. ఫిబ్రవరిలో తవ్విన దుంప నవంబర్ దాకా తొమ్మిది నెలలు ఆగాలి, మధ్యలో రోహిణీ కార్తె ఉంది. 40 డిగ్రీల ఇంట్లో అది వేసవి లోపే మొలిచి, వడిలి, లోపల నల్లబడుతుంది. ఒకవేళ నిలిచినా, మన పేనుబంక అంటించిన వైరస్ అందులో ఉండే అవకాశం ఎక్కువ, ఏటికేడూ దిగుబడి పడిపోతుంది. పంజాబ్‌లో విత్తన పంటను పేనుబంక ఉధృతి లేని అక్టోబర్-డిసెంబర్ నెలల్లో పెంచి, పురుగు పెరిగే లోపే పైకొమ్మలు నరికేసి, దుంపలను 2 నుంచి 4 డిగ్రీల కోల్డ్ స్టోరేజీలో పెడతారు. ఆ రెండు సౌకర్యాలూ మనకు ఇంట్లో లేవు. ఏటా అక్టోబర్‌లో కొత్త విత్తనం కొనడమే మార్గం.

ఖాళీ అయిన సంచి మట్టిని రెండు రోజులు ఎండబెట్టి, గుప్పెడు వేప పిండి కలిపి ఎండాకాలానికి గోంగూరో తోటకూరో చల్లుకోండి, తర్వాత గోరుచిక్కుడు వేసుకోవచ్చు. టమాటా, వంగ, మిరప నార్లు మాత్రం ఆ మట్టిలో రెండేళ్ల దాకా పెట్టకండి. మళ్లీ బంగాళాదుంప వేసేటప్పుడు కూడా వేరే సంచి మట్టి తీసుకోండి.